గీడికి అంటే గేదెకి అన్న యాప్

కొత్త యాప్ ఏది కనిపించినా దించుకోవడం, వారం వాడి చూసి పనికిరాకపోతే పీకి పారేయడం నాకు అలవాటు. నేను తార్నాక సిగ్నల్ దగ్గర బస్సులో చెమటలు కక్కుతుంటే, నీళ్లు గుర్తుచేసే యాప్ "నీళ్లు తాగారా?" అని టింగుమనేది. తాగుతాను గానీ నువ్వు తెచ్చిస్తావా తల్లీ! మొక్కల పేర్లు చెప్పే యాప్ మా బాల్కనీలోని కరివేపాకును వేప అన్నది. దాన్ని నమ్ముకుంటే మా చారుకు కరివేపాకే ఉండదు. బస్సు ఎక్కడుందో చూపేది ఒక్కటే నా దగ్గర నిలిచింది.

ఈలోగా మా ఆయనకు వినికిడి తగ్గింది. యూనివర్సిటీ ఆఫీసులో పనిచేసి రిటైరయిన మనిషి. పొద్దున్నే క్యాంపస్‌లో పాత స్నేహితులతో నడిచి, బెంచీ మీద కూర్చుని కబుర్లాడి వస్తే తప్ప టిఫిన్ సయించేది కాదు. చెవిమిషను పెట్టుకున్నా గుంపులో మాటలన్నీ కలగాపులగమయ్యేవి. అందరూ నవ్వాక, ఎందుకో తెలియకుండానే తనూ నవ్వేవారు. అది తనకే చిన్నతనంగా తోచి వెళ్లడం మానేశారు. మోకాళ్ల నొప్పులని చెప్పేవారు. మోకాళ్లు నిక్షేపంగా ఉన్నాయి!

ఇంట్లోనూ మాటలు కుదించుకుపోయాయి. అరిచి చెప్పాలి కదా, "అన్నం", "మందు", "గ్యాస్ వచ్చింది", అంతే. మాటకో సామెత వేసేదాన్ని నేను. చెవిటివాడి ముందు శంఖం సామెత మాత్రం నోట్లోంచే తీసేశాను. ఆయన అలా మూలన కూర్చుంటే, ఇక ఇలాగే ఉండిపోతారేమో అనిపించేది.

విద్యానగర్‌లో ఉండే మా అమ్మాయి వచ్చి ఆయన ఫోనులో ఒక యాప్ పెట్టింది. ఎదుటివాళ్ల మాటలు పెద్ద అక్షరాల్లో రాస్తుందట. "ఇంకొకటా!" అన్నాను. కరివేపాకు మంట నాకింకా చల్లారలేదు. అయినా మర్నాడు ఆయన్ని బలవంతాన బెంచీ దగ్గరికి లాక్కెళ్లాను.

ఒకప్పుడు ఆయన సెక్షన్లోనే పనిచేసిన నల్లగొండ పెద్దాయన ఎదురొచ్చి, "ఏంది సార్, గిన్ని దినాలు గీడికి రాకనే పోతిరి?" అన్నారు. ఫోను కాసేపు తడుముకుని రాసింది: "ఏంది సార్ ఇన్ని దినాలు గేదెకి రాకనే పోతిరి."

మా ఆయన కళ్లజోడు సవరించుకుని రెండుసార్లు చదివారు. "నాకు గేదె యాడిది సామీ? అపార్ట్‌మెంటులో దాన్ని ఎవరుండనిస్తారు?"

పెద్దాయన ఫోనులోకి తొంగిచూశారు. "అరె, గీడికి అంటె ఇక్కడికి గదా, గేదె అని రాసె! గీ ఫోనుకు మన తెలుగు రాదా ఏంది?"

బెంచీకి బెంచీ గొల్లుమని నవ్వింది. ఈసారి అందరికన్నా ముందు నవ్వింది మా ఆయనే. కారణం తెలిసి నవ్వారు. నేను కొంగుతో కళ్లు తుడుచుకున్నాను. ఆ యాప్ చేసినవాళ్లు ఎవరోగానీ వాళ్ల కడుపు చల్లగుండ! ఆ తర్వాత పెద్దాయన మా ఆయన కోసం రేడియోలో వార్తలు చదివినట్టు "ఇక్కడికి", "అక్కడికి" అని ఒత్తి ఒత్తి పలుకుతుంటే, ఆ మనిషికీ చేతులెత్తి మొక్కాలనిపించింది.

ఇంటికొచ్చి ప్లేటు ముందు పెట్టి "ఉప్మా!" అని అరిచాను. ఆయన ఫోను నావైపు జరిపారు.

"ఒక్క మాట కాదే. అంతా చెప్పు."

"ఏం చెప్పేది?"

"ఏదో ఒకటి. ఇన్నాళ్లూ ఎవరెవర్ని తిట్టుకున్నావో, అదే చెప్పు."

ఊరందరిలో నోరున్నదాన్నని పేరు నాకు. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాను. మొదలుపెట్టాను. నీళ్ల మోటారు, పై అంతస్తువాళ్లు మన బట్టల మీద వదిలే నీళ్లు, పుచ్చు వంకాయలు అంటగట్టిన అంగడివాడు. ఆగకుండా అన్నీ చెప్పి, ఆఖర్న, "మీరట్ల మూలన కూర్చుంటే నాకు భయమైతా ఉండింది" అన్నాను.

ఆ ముక్క ఫోను ఒక్క తప్పూ లేకుండా రాసింది. ఆయన చదివారు. ఉప్మా చల్లారిపోయింది.

"ఇంకోసారి చెప్పు" అన్నారు.

చెప్పాను.