వెన్న గడిలో నేను వేసిన సున్నా

నేను రిటైరవడానికి నాలుగేళ్ల ముందు, మార్చి నెల మొదటి సోమవారం నాడు, మా కంపెనీ కొత్తగా తెస్తున్న అంబర్ ఏల్ అనే బీరు కిట్‌కి రుచి పరీక్షలు జరిపి నివేదిక ఇచ్చే పని నాకు అప్పగించారు. గడువు రెండు వారాలు. అమెరికాలో చికాగోకి దగ్గరున్న షామ్‌బర్గ్‌లో హైవే పక్కన, ఒక కార్పెట్ల గోడౌనుకీ పిల్లల జిమ్నాస్టిక్స్ స్కూలుకీ మధ్య ఉండేది మా ఆఫీసు. ఇంట్లోనే బీరు తయారుచేసుకునేవాళ్లకు కావలసిన సరంజామా అమ్మడం మా వ్యాపారం. నా హోదా సెన్సరీ ల్యాబ్ సూపర్‌వైజర్. అంటే రుచి చూసి మార్కులు వేసే ప్యానెల్‌కి, నాతో కలిపి ఏడుగురికి, నేను లీడర్‌ని.

బీరు రుచి చూడటం ఉద్యోగమని చెబితే మనవాళ్లు ఎలా చూస్తారో నాకు బాగా తెలుసు. అందుకే మా ఆయన మూర్తి ఎవరడిగినా "ఫుడ్ ల్యాబ్‌లో సైంటిస్టు" అని ముగించేవారు. తలా ఒక వంటకం తెచ్చే పాట్‌లక్ విందుల్లో మాత్రం ఒకరిద్దరు అన్నయ్యగార్లు నన్ను పక్కకు పిలిచి, బేస్‌మెంట్‌లో పెట్టిన బకెట్‌లో బుడగలు ఆగిపోయాయి, ఏం చేయమంటారు అని గుసగుసగా అడిగేవారు. జవాబు చెప్పేదాన్ని. మా ఇంట్లో ఎవరూ తాగరు. నేనూ ఉద్యోగంలో తప్ప తాగలేదు. ఉద్యోగంలో తప్పదు, ఎందుకంటే బీరు చేదు నాలుక వెనక భాగంలో తెలుస్తుంది. వైన్ చూసేవాళ్లలా ఉమ్మేస్తే కుదరదు, ఒక గుటక మింగాల్సిందే.

అంతకు ముందు పద్దెనిమిదేళ్లు బిస్కెట్ల కంపెనీలో ఇదే పని చేశాను. నా ముక్కు మీద నాకు చాలా నమ్మకం. నమ్మకమనే మాట మర్యాద కోసం వాడుతున్నాను, నిజానికి అది పొగరే.

కిట్ అంటే ఒక అట్టపెట్టె. అందులో ఐదు గ్యాలన్ల బీరుకు సరిపడా సరుకు ఉంటుంది. మా అంబర్ ఏల్‌లో ఎనిమిది పౌండ్ల మామూలు మాల్టు, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ, రంగు కోసం ఒక పౌండు కాస్త మాడ్చిన మాల్టు, చేదుకూ పరిమళానికీ ఒకటిన్నర ఔన్సుల హాప్స్ పూలు, ఒక ఇంగ్లీషు ఈస్ట్ ప్యాకెట్టు. కొన్నవాళ్ల దగ్గర ఒక పెద్ద స్టీలు పాత్ర, మూతకు లోపలి గ్యాసును బుడగలుగా వదిలే ఎయిర్‌లాక్ బిగించిన ప్లాస్టిక్ బకెట్, తీపి ఎంత మిగిలిందో కొలిచే హైడ్రోమీటర్, బీరును సీసాల్లోకి దించే గొట్టం, సీసాలకు మూతలు నొక్కే పరికరం ఉంటే చాలు. దంచిన మాల్టును నూట యాభై రెండు డిగ్రీల ఫారెన్‌హీట్ నీళ్లలో గంటసేపు నానబెట్టాలి. ఆ తీపి నీళ్లు వడకట్టి హాప్స్ వేసి ఇంకో గంట మరిగించాలి. చల్లార్చి బకెట్‌లో పోసి ఈస్ట్ చల్లాలి. శుభ్రత విషయంలో మా అత్తగారి మడి కూడా ఇంత కఠినంగా ఉండేది కాదు.

ఈ కిట్‌కి రెసిపీ రాసినవాడు గ్యారీ, మా బ్రూవర్. ఆరడుగుల మనిషి, తన బీరును కన్నబిడ్డలా చూసుకుంటాడు. ఎనిమిదో రోజున బకెట్ నుంచి సీసాల్లో పోసేయాలని, సీసాల్లో ఇంకో వారం ఉంచాలని రాశాడు. పెట్టె మీద "పదిహేను రోజుల్లో మీ గ్లాసులో" అని అచ్చు వేయాలని మా డైరెక్టర్ ముచ్చటపడింది మరి. ఆ మాట రుజువయ్యేలా బీరు కుదిరిందా లేదా అన్నది మా ప్యానెల్ తేల్చాలి.

పరీక్ష ఉదయం పదిన్నరకు. నాలుక ఆ వేళకు చురుగ్గా ఉంటుంది. గంట ముందు నుంచి తిండి, కాఫీ, సెంటు నిషేధం. ఎవరి అరలో వాళ్లు కూర్చుంటారు. రంగు చూసి మోసపోకుండా ఎర్ర లైట్లు వేస్తాం. గ్లాసుల మీద పేర్లు ఉండవు, మూడంకెల కోడ్ ఉంటుంది. ఫారం మీద ఒక్కో వాసనకు ఒక్కో గడి ఉంటుంది. పచ్చి యాపిల్, ఉడికిన మొక్కజొన్న, తడిసిన అట్ట, బ్యాండ్-ఎయిడ్, వెన్న. ప్రతి గడిలోనూ సున్నా నుంచి తొమ్మిది దాకా ఒక అంకె వేయాలి. ఇవన్నీ బీరులో ఉండకూడని వాసనలే. ఆ తరవాత ఫారాలు ముందు పెట్టుకుని అందరం కలిసి చర్చిస్తాం. కావాలంటే అప్పుడు అంకె మార్చుకోవచ్చు.

గ్యారీ ముందే తయారుచేసి ఉంచిన సీసాలతో పరీక్షలు మొదలుపెట్టాం. మొదటి రోజు వెన్న గడిలో నేను సున్నా వేశాను. నలుగురు ఒకటి, రెండు వేశారు. గ్యారీ కూడా సున్నానే. శ్రావణి ఐదు వేసింది.

శ్రావణి మా ల్యాబ్ టెక్నీషియన్. వరంగల్ అమ్మాయి. ఇక్కడే ఫుడ్ సైన్స్‌లో మాస్టర్స్ చేసి, చదువు తరవాత పనిచేసేందుకు ఇచ్చే ఓపీటీ మీద మా దగ్గర చేరి ఏడాదిన్నర అయింది. చర్చలో నేనే ముందు మాట్లాడాను. ఇది మాల్టు తాలూకు బిస్కెట్ గుణం, మంచిదే అన్నాను. పద్దెనిమిదేళ్లు బిస్కెట్లు చూసిన మనిషి అలా అన్నాక ఎవరు కాదంటారు? నలుగురూ తమ ఒకట్లను, రెండ్లను బుద్ధిగా సున్నాలు చేసుకున్నారు. శ్రావణి మార్చలేదు. బుధవారం మళ్లీ ఐదు వేసింది. శుక్రవారం ఆరు.

మూడుసార్లు ప్యానెల్‌కు దూరంగా అంకె వేసినవాళ్లతో లీడర్ విడిగా మాట్లాడాలని నిబంధన. నా గదికి పిలిచాను.

"నాకొచ్చిన వాసనే రాసిన మేడమ్. లేనిదైతే రాయలే," అంది.

"సరే, ఏం వాసన?"

"నెయ్యి వాసన మేడమ్. వేడి నెయ్యి."

"నెయ్యి వాసన వస్తే అది తప్పెలా అవుతుందమ్మా?"

"ఇది బీరు కదా మేడమ్."

ఆ జవాబు దగ్గరే నేను ఆగి ఆలోచించాల్సింది. ఆలోచించలేదు. ఆ పిల్ల ఇంకో మాట కూడా చెప్పింది. "నాకు చిన్నప్పటి సంది నెయ్యి పడదు మేడమ్. మా అమ్మ అన్నంల నెయ్యేస్తే పళ్లెం ముంగటికెల్లి లేసిపోయేదాన్ని. ఎంత జర్రంత ఉన్నా నాకు తెల్సిపోతది."

నెయ్యి గిట్టని తెలుగువాళ్లు ఉంటారని నేను అంతవరకూ ఊహించలేదు. ఆ పిల్ల ముక్కు మీద నాకున్న కాస్త గౌరవం కూడా ఆ మాటతో పోయింది. మా ఇంట్లో మూర్తికి వచ్చిన వంట ఒకే ఒకటి, ప్రతి ఆదివారం పొద్దున నాలుగు పౌండ్ల వెన్న కరిగించి నెయ్యి కాచడం. రోజూ పొద్దున ఇడ్లీ మీద, పొడి మీద, చివరికి ఓట్‌మీల్ మీద కూడా మా ఇద్దరికీ ఆ నెయ్యి ఉండాల్సిందే. ప్యానెల్‌కు గంట ముందు ఏమీ తినకూడదన్న నిబంధనను నేను అక్షరాలా పాటించాను. గంటన్నర ముందు తినేదాన్ని.

వెళ్తూ వెళ్తూ శ్రావణి తలుపు దగ్గర ఆగింది.

"మేడమ్, ఒక్కటి అడగొచ్చా? నా హెచ్‌వన్ వీసా రిజిస్ట్రేషన్ ఈ మంత్‌లోనే చెయ్యాలె. హెచ్ఆర్ వాళ్లేమో మీ రివ్యూ చూసి ఫైల్ చేస్తం అంటున్నరు. ఇది ఆ రివ్యూల రాస్తరా?"

రాస్తానని చెప్పాను. ఉన్నది రాయడం నా బాధ్యత అని కూడా చెప్పాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను. కంపెనీ ఫైల్ చేయకపోతే ఓపీటీ అయిపోయాక ఆ పిల్ల పెట్టె సర్దుకోవాలి. అది తెలిసే అన్నాను.

తరవాతి బుధవారం రివ్యూ రాసి సంతకం పెట్టాను. "అతి సున్నితమైన ముక్కు, ప్యానెల్ పనికి తగదు" అని రాశాను. శుక్రవారం హెచ్ఆర్‌కి ఇవ్వాలి కాబట్టి సొరుగులో పెట్టాను. ఆ సాయంత్రమే శ్రావణి ఫోర్స్‌డ్ టెస్ట్ చేయడానికి అనుమతి అడిగింది. వెంటనే ఇచ్చాను. ఇవ్వడమే కాదు, అమ్మాయికి బుద్ధి వస్తుందని గ్యారీనీ డైరెక్టర్‌నీ కూడా చూడటానికి రమ్మన్నాను.

ఆ పరీక్ష ఎందుకో చెప్పాలి. పులియడం మొదలైన రోజుల్లో ఈస్ట్ ఒక పదార్థాన్ని బీరులోకి వదులుతుంది. దానికి అప్పుడు వాసన ఉండదు, నెమ్మదిగా వెన్న వాసనగా మారుతుంది. బకెట్‌ను ఇంకో మూడు రోజులు కాస్త వెచ్చగా ఉంచితే, ఆ వెన్న వాసనను ఈస్టే మళ్లీ తినేస్తుంది. దీన్నే మా వృత్తిలో డయాసిటైల్ రెస్ట్ అంటారు. తొందరపడి సీసాల్లో పోస్తే వాసన సీసాల్లోనే పెరుగుతుంది. కొన్నవాళ్లు తాగే వేళకు బయటపడుతుంది. ఇది ముందే తెలుసుకోవాలంటే, బకెట్‌లోంచి రెండు గాజు సీసాల్లో ఒకే బీరు తీసి, ఒకదాన్ని నూట నలభై డిగ్రీల నీళ్లలో ఇరవై నిమిషాలు ఉంచాలి. ఆ వేడికి, వారంలో జరిగే మార్పు అప్పటికప్పుడే జరిగిపోతుంది. దాన్ని చల్లార్చి రెండూ పక్కపక్కన వాసన చూడాలి. ఇంట్లో బీరు చేసుకునేవాళ్లు వంటింట్లోనే చేసుకోగల పరీక్ష ఇది.

గురువారం పదిన్నరకు, ఎనిమిదో రోజుకు వచ్చిన ఇంకో బకెట్ పక్కన నలుగురం నిలబడ్డాం. ముందు గ్యారీ చూశాడు. వేడి చేయని సీసా దగ్గర బాగుందన్నట్టు తల ఊపాడు. వేడి చేసిన సీసా దగ్గర తల వెనక్కి లాక్కున్నాడు. సినిమాహాల్లో పాప్‌కార్న్ బకెట్ అడుగున ఇలాగే ఉంటుందన్నాడు. తన బిడ్డ గురించి ఆ మాట అనడానికి అతనికి ఎంత కష్టమైందో ముఖంలో కనిపించింది. డైరెక్టర్ ఒక్కసారి పీల్చి, ముక్కు మూసుకుని సీసా నా చేతికిచ్చింది.

నేను వాసన చూశాను. "ఆహా," అన్నాను.

అక్కడితో ఊరుకున్నా బాగుండేది. ఇదే బాగుంది, సీసాల్లో పోయాల్సింది ఇదే అని కూడా అన్నాను.

లక్ష్మీ, ఇంకోసారి చూడు అని గ్యారీ మెల్లగా అన్నాడు. ఇంకోసారి చూశాను. మా వంటిల్లు, ఆదివారం, మూర్తి గరిట, గిన్నె అడుగున ఎర్రబడుతున్న గోదారి మడ్డి. ఏ సందేహమూ లేదు. అది నిఖార్సయిన నెయ్యి వాసన, నేను పట్టుకున్నది బీరు సీసా. నా చెవులు వేడెక్కాయి. తక్కువగా ఉంటే నాకు తెలియదు, ఎక్కువగా ఉంటే నాకు ఇష్టం. తప్పును పట్టుకోవలసిన మనిషికి ఇంతకన్నా పెద్ద లోపం ఇంకేముంటుంది? శ్రావణి నవ్వలేదు. నేల వైపు చూస్తూ సీసాలకు మూతలు పెట్టింది. నేనైతే తప్పకుండా నవ్వేదాన్ని.

మధ్యాహ్నం సొరుగులోంచి రివ్యూ తీసి చింపేశాను. కొత్తదాంట్లో జరిగింది జరిగినట్టు రాశాను. ప్యానెల్ మొత్తంలో ఒక్కరే సరైన అంకె వేశారని, లీడర్ ఒత్తిడి చేసినా మార్చుకోలేదని, అలాంటివాళ్లను వదులుకోవడం కంపెనీకి నష్టమని రాశాను. ఆ సాయంత్రమే హెచ్ఆర్‌లో స్వయంగా ఇచ్చి వచ్చి, శ్రావణికి చదివి వినిపించాను.

"థాంక్యూ ఆంటీ," అంది. వెంటనే నాలుక కరుచుకుని, "సారీ, మేడమ్," అంది.

కంపెనీ ఫైల్ చేసింది. ఆ వీసాకి తీసే లాటరీలో పేరు రావడం ఎవరి చేతిలోనూ లేదు, అదృష్టం కొద్దీ ఆ ఏడే వచ్చింది. గ్యారీ రెసిపీ కాగితంలో మూడు రోజులు కలిపాడు. పెట్టె మీద "మూడు వారాల్లో" అని అచ్చయింది. డైరెక్టర్ కొన్నాళ్లు నాతో ముభావంగా ఉంది కానీ కిట్ మాత్రం బాగా అమ్ముడుపోయింది.

తరవాతి సోమవారం నాకు నేనే పరీక్ష పెట్టించుకున్నాను. మూడు గ్లాసుల్లో రెండు ఒకటే, మూడోదాంట్లో కొద్దిగా వెన్న వాసన కలుపుతారు. వేరుగా ఉన్నది ఏదో చెప్పాలి. అలా ఆరుసార్లు. నడిపింది శ్రావణి. నేను రెండు సరిగ్గా చెప్పాను. కళ్లు మూసుకుని వేలు పెట్టినా ఇంచుమించు అన్నే వస్తాయి.

"ఇంకోసారి చేద్దామా మేడమ్? ఇయ్యాల మీకు జలుబు గిట్ల ఉందేమో," అంది.

జలుబు లేదన్నాను. వెన్న గడిలో నా అంకె లెక్కలోకి రాదని ఆమే రాసింది, నేను కింద సంతకం చేశాను. రిటైరయ్యేదాకా ఆ ఒక్క గడి శ్రావణి బాధ్యతే. ఫారాలన్నీ చేతికొచ్చేదాకా లీడర్ నోరు విప్పకూడదన్న నిబంధన కూడా అప్పుడే చేర్చాం.

ఆ రెండు వారాల్లో నేను నేర్చుకున్నది ఇది. ప్యానెల్ వాళ్ల రికార్డు ఫారం మీద ఆరుగురి ముక్కులను ఆరు నెలలకొకసారి పరీక్షించి తేదీ వేయడానికి ఆరు వరసలు ఉండేవి. లీడర్‌కి వరస లేదు. ఆ ఫారం తయారుచేసింది నేనే.