దయ్యం మేకులూ, మొండి పళ్ల చైనూ

లారీ మమ్మల్ని కుందారపల్లి దాటాక దించింది. మధ్యాహ్నం. పడమటి గాలి, కళ్లలో ఎర్రమట్టి. ఎడమ పక్క బండల గుట్ట, కుడి పక్క రోడ్డు, రోడ్డు వెంబడి చింత చెట్లు. నీళ్ల ట్యాంకరు పొద్దున ఒకసారే వస్తుందన్నారు. టార్పాలిన్ మేమే కట్టుకున్నాం.

హైవే వెడల్పు చేస్తున్న రోజులవి. షూలగిరి వైపు రోడ్డుకు అడ్డమొచ్చే చెట్లన్నీ వానల లోపల కొట్టెయ్యాలి. ఆర్డరు అంతే.

సామాను చెబుతాను. చైను రంపం ఒకటి, దానికి చైన్లు రెండు. గుండ్రటి ఆకురాయి, చదును ఆకురాయి. ప్లగ్గు స్పానరు. పాత పళ్ల బ్రష్షు. పెట్రోలు డబ్బా, చైనుకు పోసే ఆయిలు డబ్బా. గొడ్డళ్లు, మోకులు. వాకీటాకీలు రెండు, అవి కంట్రాక్టరువి.

రంపం పట్టేది మా ఆయన. పట్టాళంలో పనిచేసి, పెన్షన్‌తో బేరిగైకి తిరిగి వచ్చినవాడు. రంపం సొంతానికి కొన్నదే. బండ్లు నిలబెట్టడానికి జెండా మనిషి, కృష్ణగిరి వాడు. పని తోలడానికి కంట్రాక్టరు పెట్టిన మేస్త్రి. మోకులు లాగడానికి కూలీలు. నన్ను వంటకు తీసుకుపోయారు. నేను చదివింది మూడో క్లాసు. హోసూరులో అంగడివాడు రంపం విప్పి చూపించినప్పుడు మాత్రం పక్కనే నిలబడి అంతా చూశాను. మా ఆయన అప్పుడు టీ తాగడానికి పోయాడు.

పట్టాళం అలవాట్లు ఆయన్ని వదల్లేదు. పొద్దున్నే అందరినీ వరసలో నిలబెట్టేవాడు. తుపాకిని అద్దంలా తుడిచిన మనిషి రంపాన్ని మాత్రం పారను చూసినట్టు చూసేవాడు. గాలి ఫిల్టరును రాయికేసి కొట్టి చించాడు. చైను వేడికి సాగి వేలాడితే బిగించేవాడు, సాయంత్రం వదులు చేయకుండానే పడుకునేవాడు. సాగిన ఇనుము చల్లారితే ముడుచుకుంటుంది. మొదటి వారంలోనే ఒక చైను అట్లా తెగింది. తెగిన చైను ఆయన తొడ పక్కనుంచి విసురుగా పోయింది.

"తగల్లేదు కదా," అన్నాడు.

"తగిలేదాకా కాసుకోని ఉండాల్నా? ఇంగ మీద కోసేది నువ్వు. తుడిచేది, రాకేది, బిగించేది నేను."

"పట్టాళంలో ఎవురి ఆయుధం వాళ్లే తుడవాల."

"అట్లయితే పట్టాళానికే పో."

ఆ రోజు నుంచి నాకు డ్యూటీ పడింది.

సాయంత్రం చైను వదులు చేయడం మొదటి పని. తర్వాత బారు గాడిలో ఇరుక్కున్న పొట్టు తీయాలి. బారు అంటే చైను తిరిగే పొడవాటి ఇనుప పట్టీ. రోజూ ఒకే వైపు బిగిస్తే ఒక అంచే అరుగుతుంది కాబట్టి దాన్ని తిరగేసి బిగించాలి. పళ్లు రాకేటప్పుడు, అంటే ఆకురాయితో అరగదీసి పదును పెట్టేటప్పుడు, అన్నిటికీ ఒకటే లెక్కన రాకాలి. మా ఆయన కుడిచేతి వాటంతో ఒక పక్క పళ్లను ఎక్కువ రాకాడు, అందుకే కోత వంకరగా పోయేది. చెట్టుదే తప్పని తిట్టేవాడు.

చివరి పని బ్రేకు. ముందు పిడికి పైన ఒక గార్డు ఉంటుంది. రంపం ఎదురు తిరిగితే మణికట్టు దానికి తగులుతుంది, లోపల ఒక పట్టీ బిగుసుకుని చైను ఆగిపోతుంది. పొట్టూ జిగురూ పేరుకుంటే ఆ పట్టీ పట్టదు. చేతికి అడ్డం, పీకెయ్యమని మేస్త్రి మొదటి రోజే అన్నాడు. నేను పీకలేదు. పళ్ల బ్రష్షుతో రోజూ తోమాను.

మేస్త్రి ఒకరోజు లారీ షెడ్డు నుంచి డబ్బా నిండా నల్లటి ఆయిలు తెచ్చాడు. ఇంజన్లలోంచి తీసి పారబోసేది.

"ఊరికే వచ్చిందమ్మా. నీకు గిట్టుబాటు కదా. చైనుకు ఇదే పొయ్యి."

నేను పిసినారినని అందరికీ తెలుసు. అగ్గిపుల్ల ఆర్పి దాచుకునేదాన్ని. ఆయిల్లో వేలు ముంచి రెండు వేళ్ల మధ్య రుద్దాను. ఇనుప పొడి గరగరమంది.

"దీన్ని పోస్తే బారు అరిగి పోతాది. ఊరికే వచ్చిందని ఇసక తింటామా? తీసకపో."

"ఇంత చూపు ఉండేదానివి పట్టాళానికి నువ్వే పోయి ఉండాల్సింది."

"నేను పోయింటే మీ లెక్క నిలబడి కబుర్లు చెప్పేదాన్ని కాదు."

పసుపు రంగు ఆయిలే పోశాను. అది ఖర్చే. బారు కంటే చవక.

ఇక రోడ్డు మలుపు దగ్గరి చింత చెట్టు. కరెంటు తీగల మీదికి వాలి ఉండేది. కరెంటు వాళ్లు ఒక్క రోజు, పది నుంచి రెండు దాకా, లైను ఆపుతామన్నారు. ముందురోజు సాయంత్రం మా ఆయన కింది కొమ్మ కోస్తుంటే నిప్పురవ్వలు లేచాయి. మేకు. ఉన్న ఒక్క చైనూ మొండిదైపోయింది.

మా వైపు ఎవరికైనా దయ్యం పట్టిందంటే, మంత్రగాడు ఆ మనిషి వెంట్రుకలు నాలుగు తీసి చింత చెట్టుకు మేకుతో కొట్టిపోతాడు. దయ్యం ఆ చెట్టులో ఉండిపోయిందని నమ్మకం. ఆ మేకును ఎవరూ ముట్టరు. ఏళ్లు గడిచేకొద్దీ చెట్టు దాన్ని మింగేస్తుంది. రంపానికి అంతకు మించిన శత్రువు లేదు.

మర్నాడు పొద్దున ఉలి, సుత్తి తీసుకుని నేనే పోయాను. కూలీలు రోడ్డుకు అవతలి పక్క నిలబడ్డారు.

"వద్దమ్మా. దయ్యం నిన్ను పట్టుకుంటాది," అన్నాడు ఒకడు.

"పట్టుకోనీ. దానికీ అంట్లు తోమేది నేర్పిస్తా."

బెరడు ఉబ్బిన చోటల్లా చెక్కి చూశాను. కోత పడే చోట ఉన్న మేకులన్నీ పీకేశాను. ఒకదానికి వెంట్రుకలు ఇంకా చుట్టుకుని ఉన్నాయి. గుడ్డలో మూటగట్టి పక్కన పెట్టాను.

తిరిగి వచ్చేసరికి మేస్త్రి చైను మీద చదును ఆకురాయి ఆడిస్తున్నాడు.

"పని ముగించినానమ్మా. గుబ్బలన్నీ రాకేసినా. ఇప్పుడు గుమ్మడికాయ మాదిరి తెగతాది."

చైనులో ప్రతి పన్ను ముందరా చిన్న గుబ్బ ఉంటుంది. పన్ను ఎంత లోతు కొరకాలో దాన్ని బట్టే. పన్ను మొండిదైతే పన్నునే రాకాలి. ఓపిక లేనివాళ్లు గుబ్బను రాకేస్తారు. అప్పుడు పన్ను చెట్టును కరిచి పట్టుకుంటుంది, రంపం ఎగిరి కోసేవాడి ముఖం మీదికి వస్తుంది.

రంపాన్ని ఒళ్లో పెట్టుకుని రాయి మీద కూర్చున్నాను.

"దీని ఎనక ఉండేది మా ఆయన మొగం. ఇయ్యను."

మా ఆయన వచ్చాడు. "ఏమే, లైను ఆపేసినారు. ఆర్డరు ఆర్డరే. ఇటియ్యి."

"నాకు మొగుడు కావాల. గోడమింద ఫోటో కాదు."

ఆయన చేతిలో వాకీటాకీ గరగరమంది. జెండా మనిషి గొంతు. "అన్నా, బండ్లు నిలబెట్టినా. బస్సోళ్లు తిడతా ఉండారు. ఓవర్."

నేను దాన్ని లాక్కున్నాను. "వదిలిపెట్టప్పా బండ్లను. రంపం తయారు కాలేదు."

"ఎవురు మాట్లాడేది? ఓవర్."

"రంపం కాసేదాన్ని."

మేస్త్రికి కోపం వచ్చింది. "ఆడోళ్ల మాట వింటా కూచుంటే రోడ్డు పడినట్లే. నేనే కోస్తా." నా ఒళ్లోంచి రంపం గుంజుకుని పోయాడు. స్టార్ట్ చేశాడు. బారు ముక్కును నేరుగా చెట్టులోకి పొడిచాడు. చైను కరిచింది. రంపం ఎగిరింది.

అతని మణికట్టు గార్డుకు తగిలింది. చైను ఆగింది.

అతను రంపాన్ని కింద పెట్టి, పక్కనే కూర్చున్నాడు. రెండుకు లైను మళ్లీ వస్తుంది, టైము లేదు. చైను విప్పి, బాగా దెబ్బతిన్న పన్నును చూసి, మిగిలిన పళ్లన్నిటినీ దాని పొడవుకే రాకాను. పళ్లు తగ్గితే గుబ్బలతో లెక్క మళ్లీ సరిపోతుంది. చైను పావు వంతు ఆయుష్షు పోయింది, పోనీ. మా ఆయన నా పక్కన గొంతుకూర్చుని చైను పట్టుకున్నాడు. ఒక్క ఆర్డరు వేయలేదు.

ఒంటిగంట దాటాక చెట్టు మేం అనుకున్న పక్కకే పడింది.

వానలు మొదలయ్యే ముందు డేరా విప్పాం. షూలగిరిలో బస్సెక్కాం. రంపం నా ఒళ్లో ఉంది. దాన్ని టాపు మీద వేయమని కండక్టరు మా ఆయనతో అన్నాడు.

"ఆమెను అడుగప్పా," అన్నాడు ఆయన. "ఆయుధం ఆమెది."

టాపు మీద వేయలేదు.

ఇప్పుడు బేరిగైలో తోటకొక చైను రంపం ఉంది. బ్రేకు పడకుండా తాడు కట్టి, గుబ్బలు రాకి, రిపేరుకు మా వాకిట్లోకి తెస్తారు. తాడు విప్పేదాకా చెయ్యి వేయను. ముసలిదానికి చాదస్తమంటారు. అననీ.

నాకు ఒకటే కనబడుతుంది. ఆగిన చైను, మేస్త్రి బొట్టుకు నాలుగు వేళ్ల దూరంలో. ఇంజను ఇంకా కొట్టుకుంటూనే ఉంది. అతని కళ్లు రెండూ ఎదురుగా ఆగిన పన్ను మీదే. బారు కొస నుంచి ఒక ఆయిలు చుక్క జారి అతని తెల్ల చొక్కా మీద పడింది. నెమ్మదిగా పరుచుకుంది. నల్లగా లేదు. పసుపుగా ఉంది.