నలుపు అంటుతుందా?

డప్పుతోలు మంట సెగకు కాగే వాసన తగిలితే నేటికీ నా అరచేతులు ఊరుకోవు.

నైజాం రోజులు. హైదరాబాదు కార్వాన్‌లో మా పక్కింటి పెళ్లికి డప్పులతో సిద్దీలు వచ్చారు. వాళ్ల తాతలు ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్లు.

"ముట్టుకోకు, నలుపు అంటుతది," అంది నాయనమ్మ.

నాకేమో డప్పు కొట్టాలని ఒకటే ఆత్రం! వేలు తడిచేసి, వాళ్లలో డప్పు కొట్టే ఓ చాచా చేతిని గట్టిగా రుద్ది చూశాను. ఆయన పకపకా నవ్వి, అలాగే నా చేయి రుద్దాడు.

"అరే బేటీ, నీ రంగు గూడ పోతలేదు! మనిద్దరిదీ పక్కా రంగే!"

డప్పు నాకిచ్చాడు. అరచేతులు ఎర్రబడేదాకా దంచాను. ఇంటికి పరుగెత్తి చేతులు చాపాను.

"నాయనమ్మా, ఏం అంటలే!"

ఆమె సబ్బు తెచ్చింది. కడగవలసింది నా చేతుల్ని కాదని చెప్పే వయసు నాకింకా రాలేదు.