మా అత్తయ్యగారి రోజీ అన్నం మానేసిన రోజులు

మా చిన్నప్పుడు... నందిగామలో ఒక కుక్క అన్నం తినకపోతే నా చదువు ఆగిపోయే పరిస్థితి వచ్చింది. నవ్వకండి. నాకు ఇప్పటికీ నవ్వు రాదు.

మాది కంచికచర్ల దగ్గర పల్లెటూరు. ఏడో తరగతితో మా ఊరి బడి సరి. ఎనిమిదికి నన్ను నందిగామలో మా అత్తయ్య ఇంట్లో పెట్టారు. అత్తయ్యంటే మా నాన్నకి సొంత అక్క. నెలకోసారి నాన్న కందులో, మిరపకాయలో మూటగట్టి బస్సులో తెచ్చిచ్చి వెళ్ళేవాడు.

ఆ ఇంట్లో నాకంటే ముందు రోజీ ఉంది. తెల్ల బొచ్చుకుక్క... మావయ్య విజయవాడ నుంచి తెచ్చాడు. అత్తయ్య పిల్లల్లేక గారాబం చేసిందేమో పాపం అని జాలిపడకండి. ఇద్దరు కొడుకులు, గుంటూరు హాస్టల్లో. వాళ్ళకి కూడా అంత నెయ్యి పోసి ఎరగదు ఆవిడ.

రోజీకి అన్నం పెట్టడం నా పని. ఇత్తడి గిన్నెలో వేడన్నం, నెయ్యి, ఉడికించిన గుడ్డు... అది వాసన చూసి మొహం తిప్పుకునేది. ఇక అత్తయ్య పీట వేసుకు కూర్చుని, "తినవే నా తల్లీ, నా బంగారు కొండా... ఒక్క ముద్దే" అని గంటసేపు బతిమాలేది. అయినా తినకపోతే డబ్బాలోంచి బిస్కెట్లు. అవి మాత్రం కరకరా నమిలేది, దొంగముండ! నేను గోడకానుకుని చద్దన్నం తింటూ చూస్తుండేదాన్ని. "తిన్నావా" అని ఆవిడ నన్ను ఒక్కనాడూ అడగలేదు.

ఒకసారి... ఒక్కసారే... దాని బిస్కెట్లు రెండు బొడ్లో దోపుకుని పెరట్లోకెళ్ళి తిన్నాను. అత్తయ్యకి తెలీదు. కానీ రోజీ చిక్కిపోయి, బొచ్చు రాలడం మొదలయ్యేసరికి, అత్తయ్య పక్కింటావిడ ఎదుటే నన్ను కడిగేసింది.

"కుక్కేమో ఎండిపోతోంది, నువ్వేమో నిగనిగలాడుతున్నావ్. దాని గిన్నెలోది నువ్వు మింగుతున్నావేంటే?"

ఆ రెండు బిస్కెట్లు గుర్తొచ్చి నాకు నోరు పెగల్లేదు. నేను మాట్లాడకపోయేసరికి ఆవిడ నిజమే అనుకుంది.

ఆ ఆదివారం నాన్న వస్తే తీర్పు చెప్పేసింది. "తమ్ముడూ, నెలాఖరుదాకా చూస్తా. రోజీ తిండి దారికి రాకపోతే నీ కూతుర్ని తీసుకెళ్ళిపో. నోరులేని దానికింత పెట్టలేని పిల్లకి చదువులెందుకురా?"

నాన్న తలొంచుకుని "సరే అక్కా" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. బస్టాండుదాకా ఏడుస్తూనే వెంట వెళ్ళాను.

"మన ఎర్రెద్దు కుడితి తాగనప్పుడు దాన్ని బతిమాలామా ఏంటే?" అన్నాడు నాన్న. "తొట్టి తీసేశా. ఆకలయ్యాక పెడితే అదే తాగింది. మీ అత్త ఆ కుక్కకి ఆకలి పుట్టనిస్తేగా!" అనేసి బస్సెక్కేశాడు.

ఆ వారంలోనే అత్తయ్య జగ్గయ్యపేటలో పెళ్ళికని మూడు రోజులు వెళ్ళింది. మావయ్య పొద్దున కొట్టుకు పోతే మళ్ళీ భోజనానికే. బిస్కెట్ల డబ్బా తీసి బియ్యం డ్రమ్ములో దాచేశాను. గిన్నె పెట్టాను... వంద అంకెలు లెక్కపెట్టాను... తీసేశాను. మంచినీళ్ళు మాత్రం ఉంచాను. సాయంత్రమూ అంతే.

మర్నాడు రోజీ అరుపులకి పక్కింటావిడ గోడమీంచి తొంగిచూసింది. "ఏమ్మాయ్, దాన్ని చంపుతావా ఏంటి? మీ అత్తయ్యని రానీ, చెప్తా నీ సంగతి!"

"చెప్పుకోండి" అన్నాను. అన్నానే గానీ, దానికేమన్నా అయితే నేను పుస్తకాలు కట్టిపెట్టి పత్తిచేలోకి పోవాల్సిందే. ఆ కోపమంతా రోజీ మీదే చూపించాను. "తిను ముండా! నీ పొగరుకి నా బడి పోతుందే!" అని దాని మొహమ్మీదే అరిచి, గిన్నె అక్కడ పడేసి వెనక్కి తిరిగాను.

అరవైదాకా లెక్కపెట్టానో లేదో... గిన్నె గచ్చుమీద జరుగుతున్న చప్పుడు. ఉత్త పప్పన్నం. నెయ్యి లేదు, గుడ్డు లేదు. అడుగంటా నాకేసింది. అత్తయ్య వచ్చేలోపు బిస్కెట్ల డబ్బా మళ్ళీ దాని చోట పెట్టేశాను.

అత్తయ్య తిరిగొచ్చి, రోజీ తింటుంటే చూసి సంతోషించిందనుకున్నారా? "ఏం మందు పెట్టావే దీనికి?" అంది. గిన్నె లాక్కుని తనే పెట్టబోయింది. రోజీ మొహం తిప్పుకుని డబ్బా వైపు చూసింది. అత్తయ్య దగ్గర మొండికేస్తే బిస్కెట్లొస్తాయి, నా దగ్గర మొండికేస్తే ఉన్నదీ పోతుంది... ఆ మాత్రం దానికి తెలిసిపోయింది. ఆ రోజు నుంచి అన్నం నేను పెట్టి పక్కకి తప్పుకుంటేనే తినేది.

నెలాఖరుకి నాన్న వచ్చాడు. నా ట్రంకుపెట్టె సర్దే ఉంది. అత్తయ్య మొహం గంటు పెట్టుకుని, "ఉండనీలేరా... కుక్క దీనికి అలవాటు పడింది" అంది.

పిల్ల బాగా చదువుతోందని కాదు. కుక్క అలవాటు పడిందని.

అలా మూడేళ్ళు ఉన్నాను. పదో తరగతి ఫస్ట్ క్లాసులో పాసయ్యానని పరిగెత్తుకొచ్చి చెబితే, ఆవిడ నోట వచ్చిన మొదటి మాట... "అయితే ఇక రోజీకి ఎవరు పెడతారే?"

రోజీ పోయింది, అత్తయ్యా పోయింది. పోయినవాళ్ళని ఏమీ అనకూడదంటారు... నేను అంటాను. కుక్కని మాత్రం ఎప్పుడో క్షమించేశాను.

ఇప్పుడు మా ఊరి పిల్లల్ని బడి బస్సులు గుమ్మం ముందుకొచ్చి ఎక్కించుకుంటున్నాయి. ఎవరి గోడకో ఆనుకుని చద్దన్నం తినే ఖర్మ వాళ్ళకి లేదు... మంచిదే. మా ఇంట్లోనూ ఇప్పుడొక కుక్క ఉంది, మా అబ్బాయి తెచ్చాడు. దానికీ అన్నం పెడతాను, వంద లెక్కపెడతాను, తినకపోతే తీసేస్తాను. కానీ దాని గిన్నె ముట్టుకునే ముందు, మా ఇంట్లో పనిచేసే లక్ష్మిని "తిన్నావా" అని అడుగుతాను. అది నా మంచితనం అనుకోకండి... అత్తయ్య మీద కోపంతో అడుగుతాను.

మీరూ చిన్నప్పుడు ఎవరింట్లోనన్నా ఉండి చదువుకున్నారా? "తిన్నావా" అని అడిగినవాళ్ళు ఉంటే వాళ్ళ గురించి నాలుగు మాటలు రాయండి, చదివి దణ్ణం పెట్టుకుంటాను. లేకపోతే ఇలా రండి... కలిసి తిట్టుకుందాం.