హెలిప్యాడ్ మీద పోసిన నీళ్లు

నేను ఫైరింజను డ్రైవరుని. ఉదయగిరి కొండ కింద అడవి అంటుకున్నా, ఆత్మకూరు చుట్టుపక్కల గడ్డివాములు అంటుకున్నా నా బండే పోయేది. ఆర్పినవి చాలానే ఉన్నాయి. అవేవీ గుర్తుండవు, ఏం చేస్తాం. ఆర్పలేనిది ఒకటి మాత్రం ఇప్పటికీ నన్ను వదలడంలేదు.

హోంమంత్రి అనగానే జనానికి పోలీసులే గుర్తొస్తారు. మంటలార్పేవాళ్లం కూడా ఆ మంత్రి కిందే ఉంటామని మా ఇంట్లోవాళ్లకే సరిగ్గా తెలియదు. పోలీసులు సొంత బిడ్డలు, మేం సవతి బిడ్డలం. మంత్రిగారు వస్తున్నారంటే మాత్రం మొదటి పిలుపు మాకే. ఎందుకంటారా? హెలికాప్టర్ దిగేచోట దుమ్ము లేవకుండా నీళ్లు కొట్టాలి. తర్వాత ట్యాంకు నింపుకొచ్చి, అది దిగేదాకా పక్కనే కాపలా ఉండాలి.

ఆ వేసవిలో ఆత్మకూరు అవతల ఒక బీడులో నేను చేస్తున్నది అదే. పదకొండింటికి దిగాల్సిన హెలికాప్టరు పన్నెండున్నరైనా జాడ లేదు. తడిపిన నేల మళ్లీ ఎండిపోయింది. "ఆ మూల ఇంకొంచెం కొట్టయ్యా, మంత్రిగారివి తెల్లబట్టలు" అన్నాడు మా ఆఫీసరు. కొట్టాను.

అప్పుడు నా సెల్లు మోగింది. స్టేషన్ ఫోనుకొచ్చే కాల్స్ ఆ రోజు నాకు మళ్లించారు. అనంతసాగరం దోవలో, చెరువు పక్కనున్న ఒక చిన్న పల్లె నుంచి ఎవరో ముసలామె.

"నాయనా, మా వామి అంటుకునింది. పక్కనే కొట్టం. దాంట్లో రెండు బర్రెలు కట్టేసి ఉండాయి. వాటి మీదే బతుకుతుండా. తొందరగా రండి నాయనా."

ఆఫీసరుకు చెప్పాను. "హెలికాప్టర్ దిగకముందే బండి కదిలితే నీ ఉద్యోగం, నా ఉద్యోగం రెండూ పోతాయి. దోవలో ఉన్నామని చెప్పు" అన్నాడు.

"బయల్దేరినాం అవ్వా, దోవలో ఉన్నాం" అని చెప్పాను.

మా ఉద్యోగంలో ఇది అబద్ధం కింద లెక్క కాదు. అందరం చెప్తాం. అవతలి మనిషికి ధైర్యంగా ఉంటుందని సర్దిచెప్పుకుంటాం. సిగ్గుమాలిన ధైర్యం.

అంతకు కొన్ని వారాల ముందు అగ్నిమాపక వారోత్సవాలప్పుడు ఆ పల్లెకు మైకు పట్టుకుని పోయింది కూడా నేనే. అక్కడ సందు ఇరుకు. ఒకసారి బిందెలూ జనమూ అడ్డంపడి మా బండి మధ్యలో ఇరుక్కుంది. అందుకని, "బండి బయల్దేరిందని తెలిస్తే చాలు, బిందెలు పక్కనబెట్టి దోవ వదలండి. ఎవరూ మంట దగ్గరికి పోవద్దు. మిగతాది మేం చూసుకుంటాం" అని గొంతు చించుకుని చెప్పి వచ్చాను. శ్రద్ధగా విన్నారు. పాపిష్టివాణ్ణి, ఆ మాట వాళ్లు మరిచిపోయి ఉన్నా బాగుండేది.

ఎట్టకేలకు హెలికాప్టరు దిగింది. దుమ్ము లేవలేదు. మంత్రిగారు మా వైపు చూడకుండానే కారెక్కి సభకు పోయారు. ఫోను చేసిన నిమిషాల్లో ఫైరింజను మీ గుమ్మం ముందుంటుందని అక్కడ చెప్పారట. జనం చప్పట్లు కొట్టారట. నేను అప్పటికి దోవలోనే ఉన్నాను, ఈసారి నిజంగానే.

పల్లెలో సందు శుభ్రంగా ఖాళీ చేసి పెట్టారు. రెండు వైపులా గోడల వెంబడి బిందెలు, నిండా నీళ్లతో. ఇల్లు కాలేటప్పుడు బావి తవ్వడం అంటారే, అక్కడ తవ్వాల్సిన పనే లేదు, చెరువు నాలుగడుగుల్లో ఉంది. గాలి తిరిగి మంట వామి మీంచి కొట్టానికి పాకినప్పుడు, గొలుసులు విప్పడానికి అవ్వ లోపలికి పోబోయిందట. "బండి వస్తాండాదిలే, నువ్వు ఆగు" అని నలుగురు ఆమె రెక్కలు పట్టుకున్నారట. కొట్టంలో అరుపులు ఆగేదాకా పట్టుకునే ఉన్నారట.

గొలుసులు రెండూ గుంజలకు అట్లాగే ఉన్నాయి. వాటి చివర ఉన్నదాని మీదికే పైపు తిప్పాను. ఆర్పడానికి ఏమీ మిగల్లేదు. అయినా ట్యాంకు ఖాళీ అయ్యేదాకా నీళ్లు కొడుతూనే ఉన్నాను.

పైపు చుట్టుకుంటుంటే అవ్వ దగ్గరకొచ్చి నిలబడింది.

"ఇందాక ఫోన్లో మాట్లాడింది నువ్వేనా నాయనా?"

"కాదవ్వా. ఆయన వేరే."

తడుముకోకుండా వచ్చేసింది ఆ మాట. ఆమె కాసేపు నా నోటివంకే చూసింది.

"అయితే ఆయనకు చెప్పు, ఆయన మాట మీదే నిలబడినామని. ఇంత ఎండలో వచ్చినావు, మజ్జిగ ఇద్దామంటే ఇంక పాడి లేదు. ఈ నీళ్లన్నా తాగు."

గోడ పక్కనున్న మొదటి బిందెలో చెంబు ముంచి ఇచ్చింది. పొద్దుటి నుంచి దప్పికతో ఉన్నాను. చెంబెడూ తాగేశాను.