బల్లగుడ్డతో పట్టిన పక్కెలు

నా చిన్నప్పుడు ఎండాకాలం ముదిరిందంటే మా ఊరి పక్కన కుందూ ఏరు పారడం ఆగిపోయి, అక్కడక్కడ మడుగులు మాత్రం మిగిలేవి. మా ఊరు కోయిలకుంట్లకు మూడు మైళ్ళు. శనగ పని అయిపోయాక చేలల్లో చేయడానికి ఏమీ ఉండేది కాదు. శనివారం వచ్చిందంటే చాలు, ఇంటిల్లిపాదీ మురికిబట్టల మూట నెత్తిన పెట్టుకుని, జొన్నరొట్టెలు కట్టుకుని ఏటికి పోయేవాళ్ళం. అమ్మ బట్టలుతికేది. మా నాయన గాలం వేసేవాడు. ఆ గాలానికి ఎర చూసే పని నాది, మా తమ్ముడిది.

ఎర అంటే వానపాములనుకునేరు. మా నాయన చూపెప్పుడూ కొరమీను మీదే. దానికి బతికున్న పక్కె కావాలని ఆయన పట్టుదల. పక్కె అంటే వేలెడంత చేప. దాని వీపుకు గాలం గుచ్చి వదిలితే నీళ్ళలో గిరగిరా తిరుగుతుంది, ఆ కదలికకు మడుగు అడుగునుంచి కొరమీను లేచి వస్తుంది. ఇప్పుడు తలుచుకుంటే అయ్యో అనిపిస్తుంది కానీ అప్పుడు మాకు అంతకు మించిన ఆట లేదు. పొరపాటున చచ్చిన పక్కెను తీసుకుపోతే, "ఇదేందీ, శవాన్ని తెస్తిరి?" అని మా నాయన విసిరికొట్టేవాడు. అందుకే సత్తుగిన్నెలో నీళ్ళు పోసి, వాటిని ప్రాణాలతో మోసుకుపోయేవాళ్ళం.

మాకు పక్కెలు పట్టడం నేర్పింది మా పక్కింటి అక్క. పాత చీర ముక్కను నాలుగు కొసలూ పట్టుకుని మోకాలిలోతు నీళ్ళలో ముంచాలి. పైన రొట్టె పొడి చల్లాలి. ఆ తర్వాత కదలకూడదు. పక్కెలు ఒకటొకటిగా వచ్చి పొడి తింటూ గుడ్డ మీదికి చేరతాయి. అక్క "ఊ" అన్నప్పుడు నాలుగు కొసలూ ఒక్కసారిగా లేపాలి. ఒక కొస ముందు లేచిందా, చేపలన్నీ అటునుంచి ఇటు జారిపోతాయి. "కాలు కదిపితే సంపుతా మే," అని పళ్ళు బిగించి అనేది అక్క. మరుక్షణం తానే ఆపుకోలేక పకపకా నవ్వేది. ఆమె నవ్వుకు ఉన్న పక్కెలు కాస్తా పారిపోయేవి. అయినా ఆమెతో పోతే గిన్నె నిండేది.

ఆ అక్క మాకు రక్తసంబంధం కాదు. పక్కింట్లో వాళ్ళమ్మతో ఉండేది. ఆళ్ళగడ్డ దగ్గర ఒక ఊరికి ఇచ్చి పెళ్ళి చేస్తే, రెండేళ్ళు తిరక్కుండానే ఒంటరిగా తిరిగొచ్చేసింది. ఎందుకో పిల్లలమైన మాకు ఎవరూ చెప్పలేదు. ఆమె ఎడమ మోచేయి సరిగ్గా చాపడానికి వచ్చేది కాదని మాత్రం నాకు తెలుసు. మొగుణ్ణి వదిలి వచ్చిందని మా చర్చి పెద్దలు ఆమెను బల్లకు, అంటే ప్రభువు రొట్టె, ద్రాక్షరసం పంచే సంస్కారానికి, దూరం పెట్టారు. నెలలో మొదటి ఆదివారం సంస్కారం ఇచ్చేటప్పుడు రొట్టె పళ్ళెం వరుస వెంబడి వచ్చి, ఆమె దగ్గర ఆగకుండా పక్కనున్న ఆమెకు పోయేది. అట్లా ఏడాది గడిచింది. పళ్ళెం దాటిపోతున్నప్పుడు ఆమె కళ్ళు మూసుకుని కూర్చునేది. ప్రార్థన చేసుకుంటోందని అనుకునేదాన్ని.

మా చర్చి పాస్టరు అయ్యగారి భార్య మంచి మనిషి. మేమంతా అమ్మగారు అనేవాళ్ళం. ఆమె పెద్దలతో మాట్లాడి, మాట్లాడి, చివరికి ఆ ఎండాకాలంలో ఒక దారి తీసింది. సంస్కారపు బల్లమీద పరిచే తెల్లగుడ్డ ఉతికే పని అక్కకు అప్పజెప్పింది. మా చర్చిలో అది చిన్న విషయం కాదు. ఆ గుడ్డ ఉతికేది పేరున్న ఇళ్ళ ఆడవాళ్ళే. అది అక్క చేతికి వచ్చిందంటే వచ్చే ఆదివారం పళ్ళెం ఆమె దగ్గర ఆగుతుందన్న మాటే. ఈ సంగతి చెప్పడానికి మా ఇంటికి పరుగెత్తుకొచ్చిన అక్క, గడప దాటకముందే ఏడ్చేసింది. మా అమ్మ కూడా ఏడ్చింది. ఇంత సంతోషంలో ఏడుపెందుకని నేను నోరెళ్ళబెట్టుకుని చూశాను. నాకప్పుడు పదేళ్ళు.

ఆ శనివారం అక్క ఆ గుడ్డను వేరే మూటగా కట్టుకుని మాతోబాటు ఏటికి వచ్చింది. ముందు దాన్నే ఉతికింది. నీలిమందు పెట్టి, ఎండకు కాలుతున్న నాపబండ మీద ముడత లేకుండా పరిచి, నాలుగు వైపులా రాళ్ళు పెట్టింది. ఎప్పటిదో మల్లుగుడ్డ, ఉల్లిపొరంత పల్చన. "దీని పక్కకు కాకిని గూడా రానియ్యొద్దు మే," అని నాకు చెప్పి, మా అమ్మతో కలిసి వంక అవతలికి స్నానానికి పోయింది.

కాకి రాలేదు. వచ్చింది నేనే.

ఆ రోజు మా చీర ముక్కను నేను ఇంట్లో మరిచిపోయాను. మా నాయన అటు మడుగు దగ్గర్నుంచి కేకలు పెడుతున్నాడు. "ఏం మే, పక్కెలు యాడ? పొద్దు పోతాంది!" తమ్ముడు తన చొక్కా విప్పి ముంచి చూశాడు, ఒక్కటీ పడలేదు. పైగా, "అక్క లేకుంటే నీకు చేత కాదులే," అని వెక్కిరించాడు. నాకు కోపం ముక్కుమీద ఉండేది, ఇప్పటికీ ఉంది. రాళ్ళు తీసి పక్కన పెట్టాను. ఒక్కసారి ముంచి, మళ్ళీ పరిచేస్తే ఎండకు ఎంతసేపట్లో ఆరుతుంది, ఎవరికి తెలుస్తుంది అనుకున్నాను.

ఏం చెప్పను, ఆ గుడ్డ నీళ్ళలో కనబడనే లేదు. పక్కెలు అసలు బెదరలేదు. తమ్ముడికి రెండు కొసలిచ్చి మొదటిసారి లేపేసరికి ముప్పై, నలభై ఉంటాయి, గుడ్డ నడుమ కుప్పగా పడి తళతళా ఎగురుతున్నాయి. నా జన్మలో అన్ని పక్కెలు ఒక్కసారి పట్టలేదు. తమ్ముడు గిన్నె తీసుకుని పరుగెత్తాడు. "అబ్బా, ఏం పడితిరి మే!" అని మా నాయన అక్కడినుంచే మెచ్చుకున్నాడు. ఆ మెప్పుతో ఆపి ఉంటే సరిపోయేది. కానీ తమ్ముడు తిరిగి రాగానే నేను ఇంకోసారి ముంచాను. ఆ తర్వాత మరోసారి, ఇంకా లోతుకు దిగి.

మూడోసారి లేపేటప్పుడు నీళ్ళలో మునిగిన కంపమొద్దుకు గుడ్డ తగులుకుంది. తగులుకున్నదాన్ని మెల్లగా విడదీయాలన్న బుద్ధి లేక గట్టిగా లాగాను. జానెడు మేర చిరిగిపోయింది. నల్లరేగడి బురద మరక పడింది. ఎంత పిండినా, ఎంత రుద్దినా ఆ మరక పోలేదు. రేగడి మరక ఎట్లాంటిదో మా నేలమీద పుట్టినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. చిరిగిన వైపు కిందికి మడిచి, బండమీద పరిచి, రాళ్ళు ఎక్కడివక్కడ పెట్టాను. నోరెత్తితే నా బొరుగుల ముద్దలో ఇక ముక్క కూడా పెట్టనని తమ్ముణ్ణి బెదిరించాను.

అక్క తిరిగొచ్చి గుడ్డ మడవబోయింది. చిరుగు చూసింది. అందులో వేళ్ళు పెట్టి, ఎంతుందో కొలిచినట్టు చూసింది. గుడ్డకు అంటుకున్న చేపపొలుసు ఒకటి గోటితో తీసి కాసేపు పట్టుకుంది. తర్వాత తలెత్తి నావైపు చూసింది. నేను పక్కెల గిన్నెలోకి తల వంచాను. గుడ్డను మూట కట్టుకుని, మాకంటే ముందే ఇంటికి పోయింది.

నా పక్కెలతో మా నాయన ఆ పూట రెండు కొరమీనులు పట్టాడు. పొద్దుగూకకముందే పులుసు ఉడికింది. అక్కకు ఒక గిన్నె ఇచ్చి రమ్మని అమ్మ నన్నే పంపింది. పోతే, అక్క వాకిట్లో కూర్చుని సన్నటి సూదితో గుడ్డ కుడుతోంది. నన్ను చూసి, "ఈ కొస బిగబట్టు పాపా, ఊగుతాంది," అంది. నేను కూర్చుని కొస పట్టుకున్నాను. ఒక్కో కుట్టూ వేస్తూ ఆమె ఏమీ అడగలేదు. అడిగి ఉంటే చెప్పేసేదాన్నే అని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. ఆమె నాకు నోరు విప్పడానికి కావలసినంత సేపు ఇచ్చింది. నేను విప్పలేదు, అంతే.

మరునాడు బల్లమీద గుడ్డ పరిచారు. ఆ కుట్లు, ఆ నల్లమరక సరిగ్గా జనం వైపే వచ్చాయి. ముందు వరుసలో ఉన్న సంఘపెద్ద లేచి దగ్గరికి పోయి చూశాడు. "ఎవురు ఉతికింది?" అన్నాడు. అందరికీ తెలిసిన సంగతే, అయినా అడిగాడు. వెనక వరుసలో అక్క లేచి నిలబడింది.

"నేనేనయ్యా. కంపకు తగులుకునింది. సూసుకోలేదు."

"గుడ్డ కాపాడుకోలేనిది కాపురమేం కాపాడుకుంటాది," అన్నాడాయన. గొంతు పెంచి కూడా అనలేదు. ఒకరిద్దరు నవ్వారు. అమ్మగారు ఏదో చెప్పబోయి, అయ్యగారి మొహం చూసి ఊరుకుంది.

నేను మా అమ్మ పక్కన ఉన్నాను. తమ్ముడు మోచేత్తో నన్ను పొడిచాడు. లేచి "నేనే" అంటే చాలు. రెండక్షరాలు. నేను లేవలేదు. పళ్ళెం వచ్చింది. ఒక్కొక్కరి దగ్గరా ఆగుతూ వచ్చి, అక్కను దాటి పోయింది. ఆ రోజు ఆమె కళ్ళు మూసుకోలేదు. పోతున్న పళ్ళేన్నే చూస్తూ కూర్చుంది.

మధ్యాహ్నం వాళ్ళింటికి పోయి ఆమె ఒళ్ళో పడి ఏడ్చాను. "నేనేనక్కా, పక్కెలకోసం..." అన్నాను. "తెలుసులే. పొలుసు సూసినా," అంది. మరి నా పేరెందుకు చెప్పలేదని అడిగాను. ఆమె నా తల నిమురుతూ చెప్పిన మాట ఇప్పటికీ చెవిలో ఉంది. "నేను చెప్తే ఎవురు నమ్ముతారు మే? తప్పు తాను చేసి పసిపిల్ల మీద నెట్టిందంటారు. నువ్వు చెప్పుంటే నమ్ముండురు." కోపంగా అనలేదు. ఉన్నదున్నట్టు అంది. ఆ వెంటనే, "పులుసు బాగుండె. అమ్మకు చెప్పు," అని గిన్నె కడిగి నా చేతికిచ్చింది.

అప్పుడైనా పోయి అమ్మగారికి చెప్పొచ్చు కదా అంటారు. పోయాను. ఆమె నన్ను చూడగానే, "రా బంగారూ, నువ్వు ఎంత బుద్ధిమంతురాలివి," అని చేతిలో బిస్కెట్టు పెట్టింది. ఆ బిస్కెట్టు తిని తిరిగొచ్చాను. సిగ్గులేని మనిషిని. వచ్చే వారం చెప్తా, ఆ పై వారం చెప్తా అనుకుంటుండగానే అక్క నంద్యాలకు పోయి, ఆడపిల్లల హాస్టల్లో వంటకు కుదిరింది. అక్కడే ఇంకో చర్చిలో చేరింది, అక్కడ ఆమెకు బల్ల ఇచ్చారు. మా ఊరి చర్చిలో మాత్రం మళ్ళీ అడుగుపెట్టలేదు. వాళ్ళమ్మ పోయినప్పుడు వచ్చి, చర్చి బయట వేపచెట్టు కింద నిలబడి, సమాధి దగ్గరికి నేరుగా నడిచి పోయింది.

నేను చదువుకుని, బడిపంతులమ్మనై నంద్యాల వచ్చాక ఆమెను చాలాసార్లు కలిశాను. ఆ మాట ఎత్తితే, "ఇంకా దాన్నే పట్టుకోని యాలాడ్తాండావా?" అని నవ్వేసేది. ఆమె ఎప్పుడో క్షమించింది. కానీ నేను చేసిన తప్పు ఒక్క ఆమెకు చేసింది కాదు. చర్చి నిండా జనం విన్న అబద్ధాన్ని ఆ జనం ముందే సరిదిద్దాలి. నేను సరిదిద్దలేదు. సంఘపెద్ద పోయాడు, అయ్యగారు, అమ్మగారు పోయారు. అక్క మొగుణ్ణే కాదు, గుడ్డను కూడా కాపాడుకోలేకపోయిందని చెప్పుకుంటూనే అందరూ పోయారు.

ఈ మధ్యే అక్క కూడా పోయింది. నంద్యాలలో ఆమెను తలుచుకునేందుకు చర్చివాళ్ళు ఆదరణ కూడిక పెట్టారు. ఆమె గురించి ఎవరైనా రెండు మాటలు చెప్పమన్నారు. డెబ్భై దాటిన మోకాళ్ళతో లేచాను. బల్లగుడ్డతో పక్కెలు పట్టింది నేనని, చించింది నేనని, నింద మోసింది ఆమేనని మొత్తం చెప్పాను. ముగించేసరికి అందరూ ముచ్చటగా నవ్వారు. హాస్టల్లో ఆమె చేతి వంట తిని పెరిగిన ఒకమ్మాయి వచ్చి నా చేతులు పట్టుకుని, "చిన్నప్పటి అల్లరి ఎంత బాగా చెప్పినారవ్వా," అంది.

నా దగ్గర చదివిన పిల్లలెవరైనా తప్పు ఒప్పుకోవడానికి నోరు తెరిస్తే, నేను సుద్దముక్క పక్కన పెట్టి అప్పటికప్పుడే వినేదాన్ని. గంట కొట్టినా వినేదాన్ని. ఇప్పుడు మనవళ్ళ దగ్గరా అంతే, పొయ్యిమీద కూర మాడినా సరే. ఆ మాట నోట్లోకి వచ్చిన నిమిషం దాటిపోతే దాన్ని ఎవరికి చెప్పినా కథే అవుతుంది. నేను ఆ రోజునుంచి మోస్తున్నది ఇదే, దించుకుందామంటే దించుకోవాల్సిన చోటు ఇక లేదు.