అట్ట వెనక కట్టె

మా చిన్నప్పుడు బడికి పోతుంటే నా భుజాన సంచీ, చేతిలో నీళ్ల చెంబూ ఉండేవి. ఆ నీళ్లు నాకు కాదు... మల్లవ్వ వేపమొక్కలకు.

జమ్మికుంటలో పత్తి మార్కెట్‌కు పోయే దారిలో మా ఇల్లు. పత్తి రోజుల్లో ఎడ్లబండ్లు బారులు తీరి పొద్దంతా ఎండలోనే నిలబడేవి. ఎడ్లు నురుగు కక్కుతుంటే చూడలేక, మా పక్కింటి మల్లవ్వ ఆ రోడ్డు పక్కన మొక్కలు పెట్టింది. సర్కారు వాళ్లు ఊరికే పంచినవే. ఎవరూ తీసుకోక ఆఫీసు గోడ పక్కన వాడిపోతుంటే, గంపలో పెట్టి నెత్తిన మోసుకొచ్చింది.

బీడీలు చుట్టుకుని బతికే మనిషి. ఒక్కతే. మేకలు నోరు పెట్టకుండా తుమ్మకంప పాతింది, ఆకుల మీద పేడనీళ్లు చల్లింది. దిష్టి తగలకుండా ఒక్కోదానికి ఎర్ర పేలిక కట్టింది. ఎండకాలం బోరింగు ఎండిపోతే, బోళ్లు కడిగిన నీళ్లు దాచి పోసేది. “తానం జేసిన నీళ్లు పారబొయ్యకే బిడ్డా, చెట్లకు పొయ్యి” అని నాకూ నేర్పింది. అట్లా రెండు ఎండకాలాలు గడిచాయి... మొక్కలు నన్ను దాటి ఎదిగాయి. నిటారుగా, నా మణికట్టంత లావుగా.

నేను ఏడో తరగతిలో ఉండగా వానకాలంలో మా బడికి హుకుం వచ్చింది. వనమహోత్సవానికి పిల్లలతో ర్యాలీ తీయాలట. ఊళ్లో ఒక సంఘం వాళ్లు అట్టల మీద రంగురంగుల నినాదాలు రాయించి పంపారు. సర్కారు వాళ్లు అరటిపళ్లు ఇస్తామన్నారు. అట్టకు కట్టె కావాలన్న సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు!

డ్రిల్లు సారు మమ్మల్నే తెమ్మన్నారు. పొయ్యిలోకి దాచిన కందికట్టె ఇళ్లలోంచి తెచ్చాం. అట్ట పెట్టి మొల, అదే మేకు, కొట్టగానే అన్నీ నిలువునా చీలిపోయాయి.

“ఎండు కట్టె పనికిరాదు. పచ్చిది తేండ్రి, మొల దిగుతది. నిటారుగుండాలె. వంకరది తెస్తే వీపు పగులుతది!” అన్నారు సారు.

చెట్లను కాపాడమని తీసే ర్యాలీకి పచ్చికట్టెలు... ఆ మాటన్న సారుకు సిగ్గు లేదు, విన్న మాకు బుద్ధి లేదు.

“ఏడున్నయో నాకెర్క సార్” అన్నది ఎవరో తెలుసా? నేనే. సారు భేష్ అంటే చాలనుకున్నాను. ఒక్కటి కోస్తే ఏమవుతుందిలే అనుకున్నాను. కొడవళ్లు పట్టుకుని నాతో వచ్చిన పెద్ద క్లాసు వాళ్లు ఆ వేపమొక్కల్లో ఒక్కటి కూడా మిగల్చలేదు. ఆపమన్నాను... గట్టిగా అనలేదు, నిజం చెప్పాలంటే. కంచే చేను మేయడం అంటే ఇదే. ఆ రోజు మల్లవ్వ చుట్టిన బీడీలు ఇచ్చిరావడానికి కార్ఖానాకు పోయి, రాత్రికి చెల్లెలింట్లో ఉండిపోయింది.

మర్నాడు ర్యాలీ. ముందు ఆఫీసర్లు, వాళ్ల వెనక సంఘం పెద్దలు, ఆ వెనక మేము. సరిగ్గా ఆ రోడ్డు మీదుగానే తీసుకుపోయారు. తెగిన మోళ్ల పక్కన నీళ్ల బిందెతో నిలబడి ఉంది మల్లవ్వ. నా చేతిలోని కట్టెకు ఎర్ర పేలిక ఇంకా అట్లాగే ఉంది. తొందరలో ఎవరూ విప్పలేదు.

నేరుగా నా దగ్గరికే వచ్చింది. “గీ అట్ట మీద ఏం రాసిండ్రే బిడ్డా?” అని అడిగింది. ఆమెకు చదువు రాదు.

నేను అట్ట పక్కకు తిప్పాను. వెనక నుంచి సారు “చదువవే!” అని గదిమారు. చదివాను... “చెట్టును కన్నబిడ్డలా పెంచండి.”

మల్లవ్వ కట్టెకున్న పేలిక విప్పి కొంగున ముడేసుకుంది.

ర్యాలీ ఆగిపోయేసరికి పెద్ద ఆఫీసరు వెనక్కి వచ్చారు. ఎవరో సంగతి చెవిలో చెప్పారు. “అయ్యో పాపం, ఆమెకొక మొక్క ఇవ్వండయ్యా” అన్నారాయన, పెద్ద దానకర్ణుడిలా. మొక్క చేతిలో పెట్టారు. సంఘం పెద్దాయన ఫొటోగ్రాఫర్‌ను పిలిచారు.

అప్పుడు అడిగింది మల్లవ్వ: “మొక్కిచ్చిండ్రు, మంచిదే సారు. గా రెండు ఎండకాలాలు ఎవలిస్తరు?”

డ్రిల్లు సారు గబగబా నినాదం అందుకున్నారు. మేమూ గొంతు చించుకుని అరిచాం. తర్వాత అరటిపళ్లు కూడా తిన్నాం. ఇన్నేళ్లయినా తలుచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

సాయంత్రం అట్టలు ఊడదీసి భద్రంగా బీరువాలో పెట్టించారు, వచ్చే ఏడాదికి పనికొస్తాయని. కట్టెలేమో పొయ్యిలోకి పోయాయి! వచ్చే ఏడు మళ్లీ కట్టెలు ఎక్కడివి అని అడిగినవాళ్లు లేరు.

మర్నాడు పొద్దున భయపడుతూనే చెంబు పట్టుకుని పోయాను. మల్లవ్వ మోళ్లకు నీళ్లు పోస్తోంది. నా మొహం చూడలేదు. కొంచెం పక్కకు జరిగి, “పొయ్యి. వేరు బతికే ఉన్నది” అంది. అన్నిటిలో రెండే చిగురించాయి. పదో తరగతి అయ్యేదాకా పోశాను.

ఇప్పుడు ఆ దారిలో ఎడ్లబండ్లు లేవు, మల్లవ్వా లేదు. అట్టలు పోయి ఫ్లెక్సీలు వచ్చాయి. జూలై వస్తే చాలు, ఒక మొక్కను పదిమంది పట్టుకున్న ఫొటోలు నా ఫోను నిండా... ఒక్కదాని కింద కూడా, వచ్చే ఎండకాలం నీళ్లు పోసేదెవరో రాసి ఉండదు.

మీరూ చిన్నప్పుడు ఇట్లాంటి ర్యాలీల్లో నడిచే ఉంటారు. మీ అట్ట వెనక కట్టె ఎక్కడిదో గుర్తుంటే చెప్పండి... నాది ఎక్కడిదో నేను చెప్పేశాను.